కరువు చట్రం, వాటా చట్రం: నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల సామూహిక చర్యలు – సామాజికోద్యమ సిద్ధాంతాల పరిశీలన

వ్యాససంగ్రహం

రాయలసీమ ఉద్యమాలను, సాహిత్యాన్ని వివరించేటప్పుడు 'కరువు'ను మూలకారణంగా చూపడం తెలుగు విమర్శలో పరిపాటి. ఈ వివరణ వెనుక సాపేక్ష లేమి సిద్ధాంతం పేరు చెప్పకుండానే పనిచేస్తోంది. 1846 నాటి ఉయ్యాలవాడ తిరుగుబాటు, 1928 నాటి నంద్యాల సభ, 2016 నాటి సిద్ధేశ్వరం అలుగు ప్రజా శంకుస్థాపన అనే మూడు సందర్భాలను సామాజికోద్యమ సిద్ధాంతాల వెలుగులో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ ప్రాంతంలో జనాన్ని కదిలించింది కేవలం లేమి కాదనీ, ఒకప్పుడు అంగీకారం పొందిన హక్కు చేజారడమనీ ప్రతిపాదిస్తుంది. ఆ ప్రతిపాదనకు ఉన్న పరిమితులను కూడా చర్చిస్తుంది.

కీలక పదాలు: సామూహిక చర్య, సాపేక్ష లేమి, వనరుల సమీకరణ, చట్రీకరణ, కేసీ కాలువ, సిద్ధేశ్వరం అలుగు, శ్రీబాగ్ ఒడంబడిక, కరువు సాహిత్యం

ప్రవేశిక

ఆంధ్రప్రదేశ్‌లో అతి తక్కువ వర్షపాతం ఉన్న ప్రాంతం అనంతపురం. కరువే ఉద్యమానికి కారణమైతే సీమ నీటి ఉద్యమానికి అదే గుండెకాయ కావాలి. అనంతపురంలో నీటి పోరాటాలు జరగలేదని కాదు. అయినా గత దశాబ్దంలో కృష్ణా జలాల మీద సీమ హక్కు గురించి ఎడతెగకుండా మాట్లాడిన కేంద్రం నంద్యాల. కుందూ లోయలో, కేసీ కాలువ ఆయకట్టులో, వరి పండే నల్లరేగడి నడుమ ఉన్న ఊరు అది. సీమ మొత్తంలో నీటిని ఎరిగిన నేలల్లో ఒకటి. అక్కడి రైతు నీటి కోసం రోడ్డెక్కడాన్ని 'కరువు సీమ ఆక్రందన' అని వర్ణించడం అలవాటైన మాట. ఆ వర్ణన వినడానికి సరిగ్గానే ఉంటుంది. వివరణగా మాత్రం నిలవదు.

ఈ వైరుధ్యం సాహిత్య విమర్శకు సంబంధం లేనిది కాదు. విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట' నుంచి బండి నారాయణస్వామి 'శప్తభూమి' వరకు సీమ సాహిత్యంలోని ప్రసిద్ధ రచనలను విమర్శ ప్రధానంగా కరువు అనే ఒక్క మాటతోనే పరిచయం చేస్తూ వచ్చింది. ఎం.వి. రమణారెడ్డి 'రాయలసీమ కన్నీటిగాథ' నీటి విషయంలో జరిగిన అన్యాయాన్ని చర్చించే పుస్తకమే. అయినా ఆ అన్యాయం శీర్షిక దగ్గరకు వచ్చేసరికి కన్నీరైంది. అన్యాయానికి జవాబుదారీ ఉంటాడు. కన్నీటికి ఓదార్చేవాడు ఉంటే చాలు. ఈ తేడా చిన్నది కాదు.

సిద్ధాంతాలు: తెలుగు విమర్శ తీసుకున్నదీ, వదిలేసినదీ

సామూహిక చర్య గురించిన తొలి వివరణలు గుంపును అనుమానంతో చూశాయి. 1895లో గుస్తావ్ లె బాన్ రాసిన పుస్తకంలో గుంపులో కలిసిన మనిషి వివేకం కోల్పోతాడు. 1962లో నీల్ స్మెల్సర్ వ్యవస్థలోని ఒత్తిడిని కారణంగా చూపాడు. వీటి మీద ఇక్కడ ఆగవలసిన పని లేదు. తెలుగు విమర్శ మీద వాటి నీడ తక్కువ.

నీడ ఉన్నది టెడ్ గర్‌ది. 'మనుషులు ఎందుకు తిరగబడతారు' అన్న ప్రశ్ననే శీర్షికగా చేసుకున్న 1970 నాటి గ్రంథంలో అతడు సాపేక్ష లేమి భావనను విస్తరించాడు. తెలుగులో దీన్ని 'లేమి వల్ల తిరుగుబాటు' అని కుదించి వాడడం కనిపిస్తుంది. గర్ చెప్పింది అంత సరళం కాదు. తమకు న్యాయంగా దక్కాలని జనం భావించేదానికీ నిజంగా దక్కేదానికీ మధ్య ఉన్న దూరాన్ని అతడు లేమి అన్నాడు. అంటే ఆ కొలతకు రెండు కొసలున్నాయి. విమర్శ దక్కినదాన్ని మాత్రమే కొలిచి, దక్కాలని భావించినదాన్ని కొలవకుండా వదిలేసింది. ఎండిన చెరువును వర్ణించింది గాని, ఆ చెరువు నిండాలని రైతు ఏ కాగితాన్ని, ఏ మాటను చూసి నమ్మాడో అడగలేదు.

అయితే ఆ నమ్మకం ఎక్కడ పుడుతుందో గర్ కూడా తృప్తికరంగా చెప్పలేదు. ఆ పని తరువాతి వారిది. 1977లో మెకార్తీ, జాల్డ్ బాధ అన్ని కాలాల్లోనూ ఉంటుందనీ, ఉద్యమం పుట్టడానికి డబ్బు, సమయం, సంఘాలు, పరిచయాలు వంటి వనరులు కావాలనీ వాదించారు. 1982లో డగ్ మెకాడం అమెరికా నల్లజాతి ఉద్యమాన్ని పరిశీలించి రాజకీయ అవకాశాలు తెరుచుకోవడాన్ని ముందుకు తెచ్చాడు. 1986లో డేవిడ్ స్నో, రాబర్ట్ బెన్‌ఫర్డ్ తదితరులు చట్రీకరణను ప్రతిపాదించారు. జరిగినదానికి ఏ పేరు పెడతాం, ఎవరిని బాధ్యులను చేస్తాం, ఏం చేయాలంటాం అన్నవి కలిస్తే ఒక చట్రం అవుతుంది. ఒకే అనుభవం రెండు చట్రాల్లో రెండు రకాల చర్యలకు దారితీస్తుంది. ఇక్కడి పరిశీలనకు ప్రధానంగా పనికొచ్చేది ఈ చివరి సిద్ధాంతం.

ఉయ్యాలవాడ: ఒకే ఊరు, రెండు చట్రాలు

ఆళ్లగడ్డకు చేరువలోని ఉయ్యాలవాడ రేనాటి సీమలోని ఊరు. ఆ ఊరి పేరుతో జనం నోట నిలిచినవారు ఇద్దరు. ఒకరు 1846లో కంపెనీ ప్రభుత్వం మీద తిరగబడిన నరసింహారెడ్డి. రెండోవారు 1866 కరువులో వేలమందికి అన్నం పెట్టిన బుడ్డా వెంగళరెడ్డి. తంగిరాల వెంకటసుబ్బారావు ఈ ఇద్దరినీ కలిపి 'రేనాటి సూర్యచంద్రులు'గా పరిశోధించారు. జానపద గేయాల్లో ఇద్దరికీ సమాన గౌరవమే దక్కింది. ప్రభుత్వం దగ్గర మాత్రం అలా జరగలేదు.

నరసింహారెడ్డి తిరుగుబాటుకు కారణం అడిగితే సాధారణంగా వచ్చే జవాబు పింఛను. పాలెగాళ్ల అధికారాలు రద్దయ్యాక ఆయన కుటుంబానికి మిగిలింది స్వల్పమైన నెలవారీ పింఛను. దాని విషయంలో జరిగిన అవమానం ఆయనను రెచ్చగొట్టిందన్నది ప్రసిద్ధ కథనం. ఒక వ్యక్తి అసంతృప్తితో తిరుగుబాటును వివరించడం వలసపాలకులకు అనుకూలం. ఆ వివరణలో తప్పు ఒక మనిషి కోపానిది అవుతుంది, పాలనది కాదు. సాపేక్ష లేమి సిద్ధాంతం పుట్టక ముందే దాని ముతక రూపం పాలకుల ఆలోచనలో ఉందన్నమాట. రణజిత్ గుహ 1983లో రాసిన గ్రంథంలో వలస ప్రభుత్వ పత్రాలను తలకిందులు చేసి చదవాలని ఎందుకు పట్టుబట్టాడో ఇక్కడ తేలికగా అర్థమవుతుంది.

ఒక్కడి పింఛను కోసం అంతమంది ఎందుకు వచ్చారు? 1846 జూలై 10న కోయిలకుంట్ల ఖజానా మీద దాడి జరిగింది. తాసిల్దారు హతుడయ్యాడు. తరువాత నెలల తరబడి కంపెనీ సేనకు దొరకకుండా నల్లమల, ఎర్రమల కొండల మధ్య దళం తిరిగింది. అనుచరుల్లో ముఖ్యులు కట్టుబడులు. గ్రామ రక్షణ చేసినందుకు తక్కువ శిస్తుతో భూములు అనుభవించే వర్గం అది. ఆ మాన్యాలను కంపెనీ తిరిగి స్వాధీనం చేసుకోవడం మొదలుపెట్టింది. వారు కదిలింది నాయకుడి మీద భక్తితో మాత్రమే కాదు. తాతల నాటి నుంచి తమదని అందరూ ఒప్పుకున్న భూమి పోతున్నది. ఇ.పి. థాంప్సన్ 1971లో ఇంగ్లండు ఆహార అల్లర్ల గురించి రాస్తూ వాడిన 'నైతిక ఆర్థికత' భావన ఇక్కడ సరిపోతుంది. ఆకలి కంటే కట్టుబాటు తప్పిందన్న భావన ఎక్కువమందిని బయటికి రప్పిస్తుంది.

1847 ఫిబ్రవరి 22న నరసింహారెడ్డిని కోయిలకుంట్లలో ఉరితీశారు. తలను కోట గుమ్మానికి 1877 దాకా వేలాడదీశారు. ఈ ముప్పై ఏళ్ల మధ్యలోనే 1866 కరువు వచ్చింది. వెంగళరెడ్డి గంజికేంద్రాలు నడిపాడు. ఆయన దాతృత్వానికి ప్రభుత్వం బంగారు పతకం ఇచ్చింది. ఒకే ఊరివాడి తల గుమ్మానికి వేలాడుతుండగానే అదే ఊరి మరొకరికి పతకం దక్కింది. హక్కు అడిగినవాడి పట్ల, కరువులో దానం చేసినవాడి పట్ల పాలన వైఖరి ఇంతకన్నా స్పష్టంగా కనిపించే సందర్భం అరుదు. వెంగళరెడ్డి గొప్పతనాన్ని తగ్గించే మాట కాదిది. ఆకలి తీర్చిన చేతిని రేనాడు మరిచిపోలేదు, మరిచిపోకూడదు కూడా. చెప్పదలచింది చట్రం గురించి. కరువు చట్రం దాతను కోరుతుంది, ప్రభుత్వానికి అది ఇబ్బంది కలిగించదు.

2019లో వచ్చిన 'సైరా నరసింహారెడ్డి' చలనచిత్రం ఈ గాథను జాతీయ స్వాతంత్ర్య చట్రంలోకి మార్చింది. ఆ మార్పులో కట్టుబడుల మాన్యాల సమస్య పలచబడింది. భూమి మీద తగాదా దేశం మీద ప్రేమగా మారినప్పుడు కథ పెద్దదవుతుంది, కారణం చిన్నదవుతుంది.

నంద్యాల, 1928: పేరు మార్చడం ఒక సామూహిక చర్య

1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. అప్పటి నుంచి ఇవి 'దత్త మండలాలు'. 1928 నవంబరు 17, 18 తేదీల్లో నంద్యాలలో జరిగిన ఆంధ్ర మహాసభల సందర్భంగా కడప కోటిరెడ్డి అధ్యక్షతన దత్తమండల సమావేశం జరిగింది. ఆ పేరును తొలగించి 'రాయలసీమ' అనాలని తీర్మానం వచ్చింది. పేరును సూచించిన ఘనత చాలాకాలం గాడిచర్ల హరిసర్వోత్తమరావుకు దక్కినా, చిలుకూరి నారాయణరావు దాన్ని ప్రతిపాదించారన్నది తరువాతి పరిశోధకులు స్థిరపరచిన అంశం.

పేరు ఎవరు పెట్టారన్న చర్చకు పరిశోధకులు ఇచ్చినంత శ్రద్ధ పేరు మార్చడం ఎలాంటి చర్య అన్న ప్రశ్నకు దక్కలేదు. 'దత్త' అన్న మాటలో ఈ నేల ఒక వస్తువు. ఒకరు ఇచ్చారు, మరొకరు పుచ్చుకున్నారు. ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ పేర్లున్నాయి, ఇక్కడి మనుషులకు లేదు. 'రాయలసీమ' అన్నప్పుడు అదే నేలకు ఒక గతం, ఒక కర్తృత్వం వచ్చాయి. ఇటలీ సమాజశాస్త్రవేత్త అల్బెర్టో మెలుచి సామూహిక అస్తిత్వం అనేది ముందే ఉండి ఉద్యమాన్ని పుట్టించేది కాదనీ, చర్య జరుగుతున్న క్రమంలో తయారయ్యేదనీ అన్నాడు. నంద్యాల తీర్మానం దానికి తెలుగు నేల మీది ఉదాహరణ. సీమవాసులు అన్న సమూహం ముందుండి పేరు పెట్టుకోలేదు. పేరు పెట్టుకుని సమూహం అయింది.

ఆ పేరు రాజుల వైభవాన్ని తలకెత్తుకుందన్న అభ్యంతరం ఉంది, అది సరైనదే. సభలో కూర్చున్నవారు న్యాయవాదులు, భూస్వాములు, చదువుకున్నవారు. మెకార్తీ, జాల్డ్ చెప్పిన వనరులు వారి దగ్గరే ఉన్నాయి. సీమ అస్తిత్వపు తొలి వాక్యం ఆ వర్గం నోటి నుంచి రావడం ఆశ్చర్యం కాదు.

తొమ్మిదేళ్ల తరువాత, 1937 నవంబరు 16న, మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు నివాసమైన శ్రీబాగ్‌లో కోస్తా, సీమ నాయకుల మధ్య ఒడంబడిక కుదిరింది. రాజధాని, హైకోర్టులలో సీమ కోరినది సీమలో ఉండాలన్న నిబంధన అందరికీ తెలిసినదే. 1953లో కర్నూలు రాజధాని అయింది, 1956లో అది హైదరాబాదుకు తరలింది. ఈ కథ ఎన్నోసార్లు చెప్పినదే గనుక ఇక్కడ వదిలేయవచ్చు. ఈ పరిశీలనకు అంతకన్నా ముఖ్యమైనది నీటి నిబంధన. తుంగభద్ర, కృష్ణ, పెన్న నదుల నీటి వినియోగంలో పదేళ్లపాటు, లేదా అవసరమైనంత కాలం, సీమకూ నెల్లూరుకూ ప్రాధాన్యం ఇవ్వాలని ఒడంబడిక చెప్పింది. ఇందులో కేంద్రమైన మాట కరువు కాదు, ప్రాధాన్యం. సాయం అడిగిన భాష కాదది, షరతు పెట్టిన భాష. తరువాతి కాలంలో సీమలోని ప్రతి నీటి వాదానికీ ఈ ఒడంబడికే మొదటి పేజీ కావడానికి కారణం అదే. గర్ చెప్పిన 'న్యాయంగా దక్కాలని భావించేది' ఇక్కడ కాగితం మీదికి వచ్చింది.

కేసీ కాలువ: అవసరం ఎలా పుట్టింది

కర్నూలు–కడప కాలువ చరిత్ర కరువు వాదానికి అన్నింటికన్నా ఇబ్బంది కలిగించేది. 1860లలో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి దీన్ని తవ్వింది. నీరు వచ్చింది గాని రైతులు తీసుకోలేదు. నల్లరేగడిలో జొన్న, పత్తి పండించే రైతుకు తడి సేద్యం అలవాటు లేదు, నీటి పన్ను భారం. కంపెనీ నష్టాల్లో మునిగింది. 1882లో ప్రభుత్వం కాలువను కొనుక్కుంది. మొదట నీరు వద్దన్న పల్లెల వారసులే ఒకటిన్నర శతాబ్దం తరువాత ఆ కాలువ వాటా కోసం ఊరేగింపులు తీస్తున్నారు.

నీటి అవసరం ప్రకృతి నుంచి నేరుగా రాలేదన్నమాట. కాలువ వచ్చాక, వరికి మారాక, కాలువను నమ్మి అప్పులు, పెళ్లిళ్లు, చదువులు లెక్క వేసుకున్నాక వచ్చింది. బచావత్ ట్రిబ్యునల్ ఈ కాలువకు 39.9 టీఎంసీలు కేటాయించింది. సుమారు 2.65 లక్షల ఎకరాల ఆయకట్టు రైతుకు ఆ అంకె కంఠస్థం. ఎండిన పొలాన్ని ఆ అంకె పక్కన పెట్టి చూసినప్పుడు అది దురదృష్టం కాదు, బాకీ.

మాన్సర్ ఓల్సన్ 1965లో లేవనెత్తిన చిక్కు ఇక్కడ తప్పించుకోలేనిది. కాలువకు నీరు వస్తే ఊరేగింపుకు వెళ్లినవాడి పొలంతో పాటు వెళ్లనివాడి పొలమూ తడుస్తుంది. మరి పని మానుకుని, పోలీసు కేసు భయపడకుండా వెళ్లడం ఎందుకు? కష్టపడకుండా ఫలం పొందే అవకాశం ఉన్నప్పుడు పెద్ద సమూహాలు కదలవన్నది ఓల్సన్ వాదం. కాలువ విషయంలో ఈ వాదానికి ఒక మలుపు ఉంది. కాలువ నీరు అందరికీ ఒకేలా చేరదు. ఎగువ తూము ముందు తాగుతుంది, చివరి ఆయకట్టుకు మిగిలితేనే. నీరు తగ్గేకొద్దీ ఎవరి పొలం మొదట ఎండుతుందో ప్రతి రైతుకూ తెలుసు. నష్టం ఎవరిదో ముందే తెలిసినచోట ఇంట్లో కూర్చోవడం లాభసాటి కాదు. పైగా కాలువ కింది పల్లెలు తూముల వంతులు, పిల్ల కాలువల పూడికతీత వంటి పనుల్లో ఒకరినొకరు ఎరిగినవి. ఉమ్మడి వనరుల నిర్వహణ మీద ఎలినార్ ఓస్ట్రోమ్ 1990లో రాసిన పుస్తకంలో నీటిపారుదల సంఘాలు ప్రధాన ఉదాహరణల్లో ఒకటి కావడం యాదృచ్ఛికం కాదు. బోరుబావి మీద బతికే మెట్ట రైతుకు ఈ పరిచయాల వల లేదు. అతడి బోరు అతడిదే, అది ఎండితే అప్పూ అతడిదే. ఎక్కువ కరువున్న చోట కంటే కాలువ ఉన్న చోట నీటి ఉద్యమం ఎందుకు నిలదొక్కుకుందో దీన్ని బట్టి తెలుస్తుంది.

సిద్ధేశ్వరం: శిలాఫలకాన్ని స్వాధీనం చేసుకోవడం

శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. పోతిరెడ్డిపాడు నుంచి సీమ కాలువలకు తగినంత నీరు పారాలంటే 854 అడుగులైనా ఉండాలి. 1996లో జీవో 69 కనీస మట్టాన్ని 834 అడుగులకు తగ్గించింది. 2004లో జీవో 107 తిరిగి 854 అడుగులు చేసింది. ఆ మట్టం ఆచరణలో నిలవకపోవడం ఉద్యమానికి కేంద్ర ఫిర్యాదు. శ్రీశైలానికి ఎగువన, కృష్ణ కొండల నడుమ ఇరుకైన చోట సిద్ధేశ్వరం దగ్గర అలుగు కడితే జలాశయం తగ్గినప్పుడు కూడా సీమకు నీరు నిలుస్తుందన్నది వాదం. సిద్ధేశ్వరం పేరు కొత్తది కాదు. మద్రాసు రాష్ట్రంలో కృష్ణా–పెన్నార్ పథకం నాటి నుంచి ఉన్నదే. ఖోస్లా కమిటీ నందికొండను సిఫార్సు చేశాక అది వెనక్కుపోయింది.

2016 మే 31న నంద్యాల కేంద్రంగా పనిచేసే రాయలసీమ సాగునీటి సాధన సమితి, బొజ్జా దశరథరామిరెడ్డి నాయకత్వంలో, సిద్ధేశ్వరం అలుగుకు 'ప్రజా శంకుస్థాపన' చేసింది. పోలీసు ఆంక్షల నడుమ వేలమంది రైతులు నది ఒడ్డుకు చేరారు. రాష్ట్ర విభజన తరువాత నదీ యాజమాన్య బోర్డులు ఏర్పడి నీటి లెక్కలన్నీ మళ్లీ బల్ల మీదికి వచ్చిన సమయం అది. మెకాడం చెప్పిన రాజకీయ అవకాశం అదే. అయితే ఈ ఘటనలో అంతకన్నా గమనించదగ్గవి రెండున్నాయి.

మొదటిది చర్య రూపం. చార్లెస్ టిల్లీ ప్రతి కాలానికీ ప్రతి సమాజానికీ తెలిసిన నిరసన రూపాల కోశం ఒకటి ఉంటుందన్నాడు. 1846లో ఖజానా మీద దాడి, 1928లో సభ, తీర్మానం ఆయా కాలాల కోశాల్లోవే. ధర్నా, బంద్, పాదయాత్ర నేటివి. శంకుస్థాపన వీటిలో లేదు. అది ప్రభుత్వ కర్మకాండ. సీమలో శంకుస్థాపన రాళ్లకు కొదవ లేదు. రాయి నాటడం, కొబ్బరికాయ కొట్టడం, ఎన్నికల తరువాత ఆ రాయి ముళ్లచెట్ల మధ్య మిగిలిపోవడం జనానికి కొత్త కాదు. ఆ తంతునే జనం తమ చేతుల్లోకి తీసుకున్నారు. ప్రభుత్వాన్ని అడగడం ఆపి ప్రభుత్వం చేయవలసిన పనిని అభినయించారు. అధికార చిహ్నాలను తలకిందులు చేయడాన్ని రైతు తిరుగుబాట్ల లక్షణంగా గుహ గుర్తించాడు. ఇక్కడ చిహ్నాన్ని ధ్వంసం చేయలేదు, అరువు తీసుకున్నారు. చట్టాన్ని ఎదిరించని ఈ అరువే పాలనను ఎక్కువ ఇరుకున పెట్టేది. రాయి వేయడం నేరమైతే, అదే పని చేసే మంత్రుల సంగతి ఏమిటన్న ప్రశ్న నోరు తెరవకుండానే పుడుతుంది.

రెండోది మాట. ఆనకట్ట అనలేదు, బ్యారేజీ అనలేదు, అలుగు అన్నారు. అలుగు చెరువు మాట. చెరువు నిండాక మిగులు నీరు పొర్లిపోయే చోటు. అలుగు పారిందంటే ఆ ఏడు గట్టెక్కినట్లే అని పల్లె ఆనందించే మాట. రెండు రాష్ట్రాల మధ్య నదిలో కట్టే నిర్మాణానికి ఆ పేరు పెట్టినప్పుడు ఎగువకు గాని దిగువకు గాని అన్యాయం జరగదనీ, నిండాక నీరు తన దారిన పోతుందనీ ముందే హామీ ఇచ్చినట్లయింది. స్నో, బెన్‌ఫర్డ్ 'చట్రాల అనుసంధానం' అన్నది ఇదే. అంతర్రాష్ట్ర జలవివాదం ఊరి చెరువు అనుభవంతో ముడిపడింది. సమితి కరపత్రాల్లో అంకెలు ఎంత ఉన్నా ఉద్యమాన్ని మోసింది ఈ ఒక్క మాట. తరువాత సోమశిల–సిద్ధేశ్వరం మధ్య తీగల వంతెన మంజూరైనప్పుడు వంతెనతో పాటు బ్యారేజీ కావాలన్న డిమాండు వచ్చింది. వాదం అదే అయినా 'బ్రిడ్జి కం బ్యారేజీ' అన్న మాటకు అలుగుకున్న బలం లేదు.

సాహిత్య విమర్శ దగ్గరకు

సీమ కథకుల్లో, కవుల్లో అనంతపురం గొంతు బలమైనది. సింగమనేని నారాయణ వేరుశనగ సేద్యాన్ని 'జూదం'గా చూపడం ఆ నేలకు సరిగ్గా సరిపోయింది. వానను నమ్మి విత్తనం వేసేవాడికి పందెం తప్ప మరో పోలిక లేదు. లోపం ఆ రచయితలది కాదు, మెట్ట నేల అనుభవాన్ని కుందూ లోయకు, తుంగభద్ర తీరానికి, సీమ మొత్తానికి పరిచిన విమర్శది. జూదరి ఓడిపోతే విధిని తిడతాడు. వాటాదారు ఓడిపోతే లెక్క అడుగుతాడు. ఈ రెండు గొంతులనూ ఒకే 'కరువు సాహిత్యం' శీర్షిక కింద చేర్చినప్పుడు రెండోది వినిపించకుండా పోయింది. 'శప్తభూమి' అన్న శీర్షికే తీసుకుంటే, పద్దెనిమిదో శతాబ్దపు పాలన దౌష్ట్యాన్ని నవల అంత వివరంగా చూపినా, 'శాపం' అన్న మాట దగ్గరే ఆగిపోయిన సమీక్షలు తక్కువేమీ కావు. శాపానికి ముద్దాయి ఉండడు.

విద్యార్థి పరిశోధనలకు ఇది ఆచరణ సమస్య కూడా. సీమ సాహిత్యం మీద వస్తున్న సిద్ధాంతగ్రంథాల్లో 'కరువు చిత్రణ' అధ్యాయం తప్పనిసరిగా ఉంటుంది. కథలోని పాత్ర నీటిని ఏ క్రియతో కోరుతున్నదో చూసే అధ్యాయం అరుదు. వేడుకుంటున్నదా, అడుగుతున్నదా, రావలసిందని అంటున్నదా? మాండలిక పరిశోధకులకు దొరకవలసిన ఆధారం ఇది.

వాటా చట్రం వదిలేసినవారు

వాటా చట్రం కరువు చట్రం కన్నా గౌరవప్రదమైనది. అంతమాత్రాన నిర్దోషి కాదు. తుంగభద్ర జలాశయంలోని కేసీ వాటా నీటిని అనంతపురం జిల్లాలోని పెన్న అహోబిలం జలాశయానికి మళ్లించి, బదులుగా శ్రీశైలం నీరు వాడుకోవాలన్న ఏర్పాటు వచ్చినప్పుడు కేసీ ఆయకట్టులో అనుమానం రేగింది. అనంతపురం గొంతు తడిసిందంటే నంద్యాల సంతోషించాలి. సంతోషించలేకపోయింది. వాటా భాషలో పొరుగువాడి దాహం కూడా తన ఖాతాలోని కోతగా కనిపిస్తుంది. 1928లో ఒక్క పేరు కింద చేరిన సీమను నీటి లెక్క మళ్లీ జిల్లాలుగా విడదీయగలదు.

ఆళ్లగడ్డ మరో ప్రశ్న లేవదీస్తుంది. వనరుల సమీకరణ సిద్ధాంతం ప్రకారం మనుషులను వెంటనే కదిలించగల వల ఇక్కడ ఎన్నడూ లేకపోలేదు. ముఠాకక్షల దశాబ్దాల్లో ఒక్క కబురుతో పల్లెకు పల్లె బయలుదేరేది. కానీ ఆ వల నిలువుది. ప్రతి పోగూ నాయకుడి ఇంటి గుంజకు కట్టి ఉంటుంది, పక్క పోగుతో ముడి ఉండదు. సీమ ముఠాల మీద రాసిన కె. బాలగోపాల్ ఈ సంబంధాన్ని వారసత్వంగా వచ్చిన పౌరుషంగా కాక ఆర్థిక, రాజకీయ అధికారపు రూపంగా చూశాడు. ఆ చూపుతో చూస్తే, పాలెగాళ్ల నాటి నుంచి ముఠా నాయకుల దాకా గీసే సరళరేఖ నిలవదు. 1846లో కట్టుబడులకు తమదైన భూమి కారణం ఉంది, ముఠా అనుచరుడికి ఉన్నది నాయకుడి కారణం. వనరులు ఉన్నాయా అన్న ప్రశ్నతో పాటు అవి ఎవరి ఆస్తి అన్న ప్రశ్న వేయకపోతే ఈ సిద్ధాంతం ఆళ్లగడ్డలో దారి తప్పుతుంది. నీటి సమితి చేయవలసి వచ్చిన కష్టమైన పని కాలువ వెంట అడ్డంగా అల్లుకున్న సంబంధాన్ని ఈ నిలువు సంబంధం మీదుగా నడిపించడం.

అన్నింటికన్నా బరువైనది మూడో ప్రశ్న. నీటి వాటా భూమికి చెందుతుంది. టీఎంసీ ఎకరాలుగా విడిపోతుంది, ఎకరం పట్టాదారు పేరు మీద ఉంటుంది. పట్టా లేని కూలీకి, వారిలోని దళితులకు, నాట్లు వేసే ఆడవాళ్లకు ఈ లెక్కలో గడి లేదు. కాలువకు నీరు రాని ఏడు మొదట పని పోయేది వాళ్లకే. 39.9 అన్న అంకెలో మాత్రం వాళ్లు లేరు. 1866లో వెంగళరెడ్డి గంజి వరుసలో నిలబడినవాళ్లు ఎవరి పొలం ఎంతో ఎవరూ అడగలేదు. కరువు చట్రం వాళ్లను దీనులుగానైనా లెక్కపెట్టింది. వాటా చట్రం ఇంకా లెక్కపెట్టలేదు.